నాలుగో కాలు సంగతి
(అక్వేరియం స్టాండుకు మట్టం చూసే పద్ధతి)

నేను ఈ హాస్టల్‌లోనే ఉండి పదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ తర్వాత ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడ్ పూర్తిచేసి ఇప్పుడు వెల్డింగు, గ్రిల్ పనులు చేసుకుంటున్నాను. పూర్వ విద్యార్థులమంతా కలిసి స్టడీ హాలుకు పెద్ద అద్దం అక్వేరియం ఒకటి బహూకరించాలని అనుకున్న సంగతి మీకు తెలిసిందే. తొట్టి టౌనులో చేయిస్తాం. దాని కింది ఇనుప స్టాండు మాత్రం మనమే చేసుకుందామని చెప్పాను. డబ్బు మిగలడం ఒక కారణం. ఆ పనిలో మన పదో తరగతి లెక్కలు, భౌతికశాస్త్రం ఎన్ని పనికొస్తాయో తమ్ముళ్ళకు చూపించవచ్చుననేది రెండో కారణం.

ఎక్కడైనా తొట్టి పగిలిందంటే అందరూ అద్దాన్ని తిడతారు. నేనైతే ముందు వంగి స్టాండు కాళ్ళ కింద చూస్తాను. మన హాల్లో రాత్రిపూట చిన్న తరగతుల పిల్లలు చాపలు పరుచుకుని పడుకుంటారు. మూడొందల లీటర్ల నీళ్ళు, పగిలిన గాజు పెంకులు వాళ్ళ మీదికి రాకూడదు. అందుకే ఈ వ్యాసం కొంచెం వివరంగా రాస్తున్నాను. ఓపికగా చదవండి. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

ముందు బరువు లెక్క

మన తొట్టి పొడవు 4 అడుగులు, వెడల్పు ఒకటిన్నర అడుగు, ఎత్తు 2 అడుగులు. సెంటీమీటర్లలో 122, 46, 61 అనుకోండి. పై అంచుకు 5 సెం.మీ. తక్కువగా నీళ్ళు పోస్తాం కాబట్టి నీటి లోతు 56. ఈ మూడింటినీ గుణిస్తే సుమారు 314 లీటర్లు వస్తుంది. లీటరు నీళ్ళు ఒక కిలో. 10 మి.మీ. మందం ఉన్న అద్దం చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది. అడుగు పలక, నాలుగు గోడలు కలిపితే 2.6 చదరపు మీటర్లు, అంటే 65 కిలోలు. గులకరాళ్ళు, ఇసుక ఒక 50 కిలోలు వేసుకోండి. మొత్తం 430 కిలోల దగ్గర తేలుతుంది. మన స్టోర్ రూములోని 50 కిలోల బియ్యం బస్తాలతో పోలిస్తే ఎనిమిదిన్నర బస్తాలు. ఆ బరువు రాత్రింబవళ్ళు, సెలవుల్లో కూడా దిగకుండా స్టాండు మీదే ఉంటుంది.

నాలుగు కాళ్ళూ సమానంగా మోస్తే ఒక్కో కాలికి 107 కిలోలు. ఒక కాలు నేలకు ఆనకపోతే ఏమవుతుంది? మిగిలిన మూడు కాళ్ళూ పంచుకుంటాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. నలుగురు కలిసి మంచం మోస్తున్నప్పుడు ఒకడు చెయ్యి వదిలేస్తే ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. వాడికి అటూ ఇటూ ఉన్న ఇద్దరి చేతుల మీద బరువంతా పడుతుంది. వాడికి ఎదురు మూలలో ఉన్నవాడి చేయి తేలికైపోతుంది. స్టాండు కూడా అంతే. బరువు కేంద్రం సరిగ్గా మధ్యలో, అంటే కర్ణం మీదే ఉంటుంది. అందువల్ల ఆ కర్ణం రెండు చివర్లలో ఉన్న కాళ్ళే 215 కిలోల చొప్పున మొత్తం మోస్తాయి. ఒక్క కాలు గాలిలో ఉంటే నిజానికి రెండు కాళ్ళు పనిచెయ్యడం మానేసినట్టే.

మూడు రాళ్ళ పొయ్యి

మన పెద్దవాళ్ళు పొయ్యికి మూడు రాళ్ళే పెడతారు. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా, రాళ్ళు ఎలాంటివైనా, వాటి మీద గుండిగ ఎప్పుడూ కదలకుండా కూర్చుంటుంది. కొంచెం వాలితే వాలవచ్చు, అంతేగాని ఊగదు. ఎందుకంటే ఏ మూడు బిందువుల మీదుగానైనా (అవి ఒకే సరళరేఖలో లేకపోతే చాలు) ఒక సమతలం పోతుంది. నాలుగో బిందువు అదే సమతలంలో ఉండాలన్న నియమం ఏమీ లేదు. తరగతి గదిలో నాలుగు కాళ్ళ బల్లల కింద అట్టముక్కలు మడిచి పెట్టుకుంటాం గాని, మూడు కాళ్ళ స్టూలు కింద ఎవరైనా పెట్టగా చూశారా?

మరి అక్వేరియానికి మూడు కాళ్ళ స్టాండు చెయ్యవచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. తొట్టి నిలువు అద్దాలు రెండడుగుల ఎత్తున్న దూలాల లాంటివి. అవి తమ బరువును మూలల వైపుకే తెస్తాయి. నాలుగు మూలల కిందా ఆనిక కావాలి. పైగా మూడు కాళ్ళ స్టాండును పిల్లవాడు ఒక మూల నుంచి నెడితే తేలికగా ఒరుగుతుంది. కాబట్టి నాలుగు కాళ్ళు తప్పవు. ఆ నాలుగో కాలును మిగతా మూడింటి సమతలంలోకి తేవడమే మన పనంతా.

వాలు వేరు, మెలిక వేరు

ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే. స్టాండు మట్టంగా లేదు అని అన్నప్పుడు అందులో రెండు వేరువేరు సంగతులు ఉంటాయి. మొత్తం పైభాగం చదునుగానే ఉండి ఒక పక్కకు ఒరిగితే అది వాలు. ఒక మూల మాత్రం మిగతా మూడింటితో కలవకుండా పైకో కిందికో పోతే అది మెలిక. తడి తువ్వాలు పిండేటప్పుడు రెండు చేతులూ చేసే పని మెలిక. అట్ట పుస్తకాన్ని ఎదురెదురు మూలల్లో పట్టుకుని తిప్పి చూడండి, తేడా తెలుస్తుంది.

వాలు వల్ల ఎంత నష్టమో లెక్క వేద్దాం. 56 సెం.మీ. లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద నీళ్ళు 56 గ్రాముల బరువుతో నొక్కుతాయి. పైన సున్నా, అడుగున 56, కాబట్టి సగటు 28 గ్రాములు. ముందు అద్దం మీద నీళ్ళు తగిలే వైశాల్యం 122 × 56 = 6,832 చ.సెం.మీ. దాన్ని 28తో గుణిస్తే సుమారు 191 కిలోలు. అంటే దాదాపు నాలుగు బియ్యం బస్తాల బరువు ఆ ఒక్క అద్దాన్ని బయటికి నెడుతోందన్నమాట. ఇప్పుడు తొట్టి పొడవున 1 సెం.మీ. వాలిందనుకోండి. ఒక చివర లోతు 56.5, ఇంకో చివర 55.5 అవుతుంది. లోతైన చివర ఒత్తిడి బలం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క వేస్తే నూటికి రెండు వంతులు కూడా పెరగదు. 10 మి.మీ. అద్దానికి అది లెక్కలోది కాదు. నీటి గీత వంకరగా కనిపించి చూసేవాళ్ళకు చికాకు కలుగుతుంది, అంతే.

మెలిక అలా కాదు. గాజు ఒత్తిడిని బాగా ఓర్చుకుంటుంది, సాగదీతను ఓర్చుకోదు. ఇనుము కొంత వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది, గాజుకు ఆ ఓపిక చాలా తక్కువ. అంచులో ఎక్కడో కంటికి కనబడని గీటు దగ్గర చీలిక మొదలై ఒక్క క్షణంలో ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది. గాజు పగలకపోతే మూలల్లోని సిలికాన్ అతుకు మెల్లగా ఊడటం మొదలవుతుంది. అది ఇంకా మోసం. నెలల తరబడి ఏమీ తెలియదు.

పని చేసేవాళ్ళు కూడా పొరబడే చోటు ఒకటుంది. ఖాళీ స్టాండు కాస్త ఊగుతుంటుంది. "తొట్టి పెడితే బరువుకు అదే కూర్చుంటుందిలే" అంటారు. నిజంగానే కూర్చుంటుంది, ఊగడం ఆగిపోతుంది! అలా ఆగిందంటే 430 కిలోల బరువు ఇనుప ఫ్రేమును వంచి నాలుగో కాలును నేలకు ఆనించిందని అర్థం. ఆ వంపు పైన ఉన్న అద్దం అడుగుకు చేరుతుంది. ఊగే స్టాండు కంటే, ఊగి ఊగి బరువు పెట్టగానే నిలిచిన స్టాండుకే నేను ఎక్కువ భయపడతాను.

మట్టం గొట్టం

చదును చూడటానికి మేస్త్రీల దగ్గర రసమట్టం ఉంటుంది. కొంచెం వంపు ఉన్న చిన్న గాజు గొట్టంలో ద్రవం పోసి, ఒక గాలి బుడగ వదిలి మూసేస్తారు. బుడగ ఎప్పుడూ ఎత్తైన చోటికే పోతుంది. దీన్ని ఫ్రాన్స్ దేశానికి చెందిన తెవెనో అనే ఆయన 1661 ప్రాంతంలో కనిపెట్టాడు. మంచి పనిముట్టే గాని, ఒక అడుగు రసమట్టాన్ని 4 అడుగుల ఫ్రేము మీద పెడితే అది ఆ ఒక్క అడుగు గురించే చెబుతుంది. మనకు కావలసింది నాలుగు మూలల మధ్య సంబంధం. దానికి చవకగా దొరికే పారదర్శక ప్లాస్టిక్ గొట్టమే మేలు.

నాలుగు మీటర్ల గొట్టం తీసుకుని నీళ్ళు నింపండి. లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. రెండు చివర్లూ తెరిచే ఉండాలి. చివర వేలు అడ్డం పెట్టి చూస్తే అది మట్టం చూపదు, మీ వేలినే చూపుతుంది. గొట్టం ఎక్కడా మడత పడకుండా, నీళ్ళు అటూ ఇటూ ఆడటం ఆగేదాకా నిలబడితే రెండు చివర్లలోని నీటిమట్టం ఒకే ఎత్తులో ఉంటుంది. గొట్టం మధ్యలో ఎన్ని వంకర్లు తిరిగినా సరే. ఒక చివరను మొదటి మూల దగ్గర కదలకుండా పట్టుకుని, రెండో చివరను మిగతా మూడు మూలలకు ఒక్కొక్కటిగా తీసుకెళ్ళి, ప్రతి చోటా కర్ర మీద గీత గీస్తే నాలుగు గీతలూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ప్రతిసారీ మొదటి గీత దగ్గరికి నీళ్ళు వచ్చాయో లేదో చూసుకోవాలి. అందుకే ఈ పనికి ఇద్దరు కావాలి.

నేలకు ముందు పరీక్ష

స్టాండు చెయ్యకముందే నేలను కొలవాలి. మన హాలులో పరిచినవి షాబాద్ బండలు. కడిగిన నీళ్ళు గుమ్మం వైపు పోవడానికి మేస్త్రీలు నేలకు వాటం ఇస్తారు. కాబట్టి నేల మట్టంగా ఉండదు, ఉండకూడదు కూడా. వాటం ఉన్నా నేల ఒకే సమతలంలో ఉందా, లేదా అన్నదే ప్రశ్న.

నాలుగు కాళ్ళు వచ్చే చోట్ల సుద్దతో గుర్తులు పెట్టి, వరుసగా చుట్టూ తిరుగుతూ ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టండి. గొట్టంతో గీసిన మట్టం గీత నుంచి కింద నేల దాకా ప్రతి చోటా కొలవండి. తూర్పు గోడ పక్కన నేను కొలిస్తే ఇలా వచ్చాయి: ఎ 300, బి 306, సి 311, డి 305 మి.మీ. ఇప్పుడు ఎదురెదురు మూలలను కూడండి. ఎ, సి కలిపితే 611. బి, డి కలిపినా 611. రెండు మొత్తాలూ సమానమైతే నాలుగు చోట్లూ ఒకే సమతలంలో ఉన్నట్టు. వాలు ఉంది, మెలిక లేదు.

గుమ్మం దగ్గర కొలిస్తే ఎ 300, బి 304, సి 309, డి 311 వచ్చాయి. ఎ, సి మొత్తం 609. బి, డి మొత్తం 615. తేడా 6. సమాన కాళ్ళున్న స్టాండును అక్కడ పెడితే మూడు కాళ్ళు ఆనినప్పుడు నాలుగోది సరిగ్గా 6 మి.మీ. గాలిలో ఉంటుంది.

ఇది మంత్రం కాదు. దీర్ఘచతురస్రంలో కర్ణాలు పరస్పరం సమద్విఖండన చేసుకుంటాయని మీరు చదువుకున్నారు. అంటే ఎ–సి మధ్యబిందువు, బి–డి మధ్యబిందువు ఒక్కటే. ఆ బిందువు ఎత్తు ఎ, సి ఎత్తుల సగటుకూ సమానం కావాలి, బి, డి ఎత్తుల సగటుకూ సమానం కావాలి. సగటులు సమానమైతే మొత్తాలూ సమానమే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చే ఆ సిద్ధాంతం ఇక్కడ 430 కిలోలు మోస్తోంది.

ఇంకొక మాట. కాళ్ళు వచ్చే బండలను రూపాయి నాణెంతో కొట్టి చూడండి. గట్టి బండ టక్కుమంటుంది. కింద బోలుగా ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. అలాంటి బండ మీద కాలు పెట్టకూడదు. ఇవన్నీ చూశాక తూర్పు గోడ పక్క చోటునే ఖాయం చేశాం. పిల్లలు పడుకునే వరుస అక్కడికి దూరంగా జరపమని వార్డెన్ సారుకు చెప్పాం, ఆయన ఒప్పుకున్నారు.

స్టాండు తయారీ

పై ఫ్రేముకు 50 మి.మీ. యాంగిల్, 6 మి.మీ. మందం వాడుతున్నాం. 35 మి.మీ. యాంగిల్‌తో చౌకగా అవుతుంది గాని, 4 అడుగుల దూరంలో మధ్యకు వచ్చేసరికి దిగుతుంది. కాళ్ళ నుంచి పై ఫ్రేముకు ఏటవాలు బద్దీలు వెయ్యాలి. త్రిభుజం ఆకారం మారదు, చతురస్రం ఒరుగుతుంది. పిల్లలు ఆనుకునే చోటు కాబట్టి ఈ బద్దీలు వదిలెయ్యవద్దు.

వెల్డింగు చల్లారేటప్పుడు ఇనుమును లాగుతుంది. అందుకే ఒక మూల పూర్తిగా అతికి రెండో మూలకు పోకూడదు. ముందు అన్ని మూలలకూ చిన్న చుక్కలు పెట్టి, కర్ణాలు కొలిచి, రెండూ సమానమయ్యాకే ఎదురెదురు మూలలు మార్చుకుంటూ పూర్తి చెయ్యాలి. 48 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పుకు కర్ణం ఎంత రావాలో పైథాగరస్ సిద్ధాంతంతో మీరే చూసుకోండి. 51 అంగుళాల పావు దగ్గర వస్తుంది.

కర్ణాలు సమానమైనంత మాత్రాన మెలిక లేనట్టు కాదు. దీనికి దారం పరీక్ష ఉంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు సన్నని దారం బిగించి కట్టండి. రెండో కర్ణానికి ఇంకో దారం. మధ్యలో రెండు దారాలూ ఒకదానికొకటి తగిలీ తగలనట్టు ఉండాలి. పై దారానికీ కింది దారానికీ మధ్య సందు కనిపిస్తే మెలిక ఉంది. కింది దారం పైదాన్ని ఎత్తుతున్నా ఉన్నట్టే. అందువల్ల పైదాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చి రెండోసారి చూడాలి. ఒక మూల 4 మి.మీ. పైకి ఉంటే మధ్యలో సందు 2 మి.మీ. మాత్రమే కనిపిస్తుందని మరిచిపోవద్దు. ఇక్కడ దొరికిన మెలికను ఇక్కడే, వర్క్‌షాపులోనే తీసెయ్యాలి. తర్వాత కాళ్ళ కింద ఏం పెట్టినా అది పోదు.

కాళ్ళ చివర నట్టు వెల్డింగు చేసి 12 మి.మీ. బోల్టు ఎక్కిస్తే అదే సర్దుబాటు పాదం. ఈ బోల్టు మామూలు మర ఒక చుట్టుకు 1.75 మి.మీ. కదులుతుంది. 4 చుట్లకు 7 మి.మీ. మన తూర్పు గోడ లెక్క చూస్తే సి మూల ఎ కంటే 11 మి.మీ. దిగువన ఉంది. అక్కడి బోల్టును ఆరు చుట్లు, ఇంకో పావు చుట్టు బయటికి తీస్తే సరిపోతుంది. బి దగ్గర మూడున్నరకు కాస్త తక్కువ, డి దగ్గర మూడుకు కాస్త తక్కువ. ఎ కదలదు. ఇలా ముందే లెక్క వేసుకుంటే గంటసేపు కింద పడుకుని తిప్పే పని తప్పుతుంది. చివర బిగింపు నట్టు వెయ్యాలి.

బోల్టు కొస వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ. 107 కిలోలు అంత చిన్న చోట పడితే బండ చిట్లుతుంది. కాబట్టి ప్రతి బోల్టు కింద 10 సెం.మీ. చదరపు ఇనుప పలక వెయ్యాలి. అప్పుడు చదరపు సెం.మీ.కు ఒక కిలో మాత్రమే.

తొట్టి ఎక్కించే రోజు

ఫ్రేము మీద 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దాని మీద అర అంగుళం థర్మోకోల్ షీటు, దాని మీద తొట్టి. థర్మోకోల్ ఇసుక రేణువును, చిన్న మరకను మింగేస్తుంది. మెలికను మింగలేదు. ప్లైవుడ్ పరిచే ముందు ఫ్రేము మీద వెల్డింగు గింజలు గీకేసి, గుడ్డతో తుడవాలి. అద్దం కింద నేరుగా అట్టముక్క, రేకుముక్క, చెక్కపేడు ఏదీ దోపవద్దు. అది ఆ ఒక్కచోట మొత్తం అద్దాన్ని ఎత్తిపట్టుకుంటుంది. సర్దుబాటు ఏదైనా స్టాండు కాళ్ళ కిందే జరగాలి. నాలుగు కాళ్ళ పలకల కింద హాక్సా బ్లేడు దోపి చూడండి. ఎక్కడా దూరకూడదు.

తొట్టి అడుగు అంత చదునుగా ఎలా వస్తుందో అని ఆశ్చర్యపోకండి. ఇప్పటి అద్దాన్ని కరిగిన తగరం మీద తేలేట్టు పోసి తయారు చేస్తారు. ఈ పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీవాళ్ళు 1959లో ప్రకటించారు. మన గొట్టంలో నీళ్ళు చేసిన పనే అక్కడ తగరం చేస్తుంది.

నీళ్ళు ఒకేసారి నింపవద్దు. మొదట మూడో వంతు పోసి, పై అంచు నుంచి నీటి గీత దాకా నాలుగు మూలల్లో కొలవండి. నేను పెట్టుకునే హద్దు ఇది: పొడవున 2, 3 మి.మీ. వాలు ఉంటే వదిలేస్తాను. ఎదురు మూలల మొత్తాలలో 1 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే నీళ్ళు తోడించేస్తాను. ఖాళీ తొట్టి బిగుసుకుని మెలికను దాచిపెట్టగలదు, బరువు పడుతున్నకొద్దీ బయటపెడుతుంది. మూడో వంతు దగ్గర బాగుంటే మూడింట రెండు వంతులు పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్నే మళ్ళీ కొలిచి, అతుకుల వెంట పొడి కాగితం రుద్ది చూశాకే పూర్తిగా నింపాలి. చేపలు వారం తర్వాత.

నాలుగు కొలతలనూ తేదీ వేసి తొట్టి వెనక గోడ మీద పెన్సిలుతో రాసి ఉంచుతాం. ప్రతి నెలా మొదటి ఆదివారం తొమ్మిదో తరగతి వాళ్ళు కొలిచి కింద రాయాలి. నీళ్ళు ఆవిరై నాలుగు అంకెలూ ఒకేలా పెరిగితే పరవాలేదు, నీళ్ళు పోస్తే చాలు. ఒక్క మూల అంకె మాత్రం మారితే ఎవరూ బోల్టు ముట్టుకోవద్దు. ముందు నీళ్ళు మూడో వంతు దాకా తోడి, పిల్లలను ఆ గోడ పక్క నుంచి జరిపి, తర్వాత నాకు ఫోను చెయ్యండి. నంబరు వార్డెన్ సారు దగ్గర ఉంది.